చివరగా ఎక్కినవారు దిగవలెను

విమానంలో సగం నాది. ఏ సగమని అడగకండి, ఆ గొడవ మొదటి వారంలోనే అయిపోయింది. ముక్కు వైపు మా బావకు, తోక వైపు నాకు అని ముందు పంచుకున్నాం. ఇంజను ముక్కులో ఉంటుందని తెలిశాక నేను అడ్డం తిరిగాను. సరే, నిలువుగా పంచుకుందాం, ఎడమ రెక్క ఆయనది, కుడి రెక్క నాది అనుకున్నాం. ఒక్కొక్క రెక్కతో ఎవరు ఎంత దూరం వెళ్తారో చెప్పమని మా అక్క అడిగింది. ఆవిడ బావకు భార్య, నాకు తోడబుట్టింది, ఇద్దరికీ పై కోర్టు. అప్పట్నుంచి విమానం మొత్తం ఇద్దరిదీ.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే బుల్లి విమానం అది. జనం స్కూటరు కొనుక్కున్నట్టు సొంతానికి కొనుక్కుని, సెలవురోజున ఊరి చుట్టూ తిప్పుకుని, తెచ్చి షెడ్డులో పెట్టి గుడ్డ కప్పుకునే రకం. మాకంటే ముందు అది ఒక కంటి డాక్టరుది. దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో ఆయన కంటికి ఆనడం లేదని, అందుకే అమ్మేశాడని, విమానాలు ఎగిరే మైదానంలో గడ్డి కోసే పెద్దాయన మాకు చెప్పాడు. నిజమో అబద్ధమో తెలియదు. ఆ పెద్దాయన గడ్డి గురించి తప్ప ఇంకేం చెప్పినా నమ్మడానికి లేదు.

ఈ రకం విమానాలకు చట్టం ఒక గీత గీసింది. విమానం, పెట్రోలు, మనుషులు, మనుషుల జేబుల్లో చిల్లర, అన్నీ కలిపి ఆరువందల కిలోలు దాటకూడదు. దాటితే చట్టం దృష్టిలో అది ఆ రకం విమానం కాదు. గాలి దృష్టిలో అసలు విమానమే కాదు.

నేనేమో బేకరీ వాణ్ణి. నాణ్యత చూడకుండా ఏదీ అమ్మకూడదని నియమం పెట్టుకున్నవాణ్ణి. ఇన్నేళ్ళుగా నాణ్యత చూసీ చూసీ ఎలా తయారయ్యానంటే, మందుల షాపు ముందున్న బరువు యంత్రం ఎక్కితే ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొచ్చేది. అందులో చూసుకుని నేను మూడు కిలోలే ఉన్నానని చాలాకాలం సంతోషంగా బతికాను.

విమానం నడపడం బావ నేర్చుకున్నాడు, నేను నేర్చుకోలేదు. గాలి కదలని తెల్లవారుజామున పాఠాలు చెప్తారు. ఊరు లేవని ఆ తెల్లవారుజామునే నా రొట్టెలు కాలాలి. రొట్టెలు వదిలేసి గాలిలో తిరిగితే తర్వాత గాలి భోంచెయ్యాలి. అయినా నాకు నడపాలని లేదు. పక్కన కూర్చుని ఒక్కసారి పైనుంచి కిందికి చూడాలి, అంతే. నా బతుకంతా పొయ్యి నోట్లోకి చూస్తూ గడిచింది. అక్కడ చూడ్డానికి ఏముంటుంది చెప్పండి, మంట తప్ప. ఆకాశంలో కూర్చుని భూమిని చూడాలన్న కోరిక నాకు ఎంత గట్టిగా పట్టుకుందంటే, కళ్ళు మూసుకుంటే చాలు, నేను పైన ఉండేవాణ్ణి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట అని మా అక్క ఎద్దేవా చేసేది. చెయ్యనీ అనుకున్నాను. స్వర్గంలో సగం వాటా ఉన్నవాడికి ఉట్టితో పనేముంది.

ఇక మా బావ సంగతి. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన బిగించినవే, మిగతా సగం ఆయన బాగుచేసినవి. ప్రపంచంలో మనుషులు రెండు రకాలని ఆయన సిద్ధాంతం: లిఫ్టులో అతికించిన రేకు మీద ఎంతమంది ఎక్కాలో చదివి ఎక్కేవాళ్ళు, చదవకుండా ఎక్కేవాళ్ళు. రెండో రకంతో ఆయన స్నేహం చెయ్యడు. ఎవరింటికైనా వెళ్ళి సోఫాలో ముగ్గురు కూర్చున్నాక నాలుగోవాడు వస్తే, ఈయన లేచి గోడ పక్కన నిలబడతాడు. మర్యాద అని వాళ్ళు మురిసిపోతారు. మర్యాదా పాడా, ఆయన సోఫా కాళ్ళ వంక చూస్తుంటాడు.

విమానం కొన్న నెలలోపే ఆయన షెడ్డు ముందు సిమెంటు నేలలో మూడు ఇనప పలకలు పాతాడు. విమానం మూడు చక్రాలూ సరిగ్గా వాటి మీద నిలబడతాయి. పలకల కింద లిఫ్టుల్లో బరువు కనిపెట్టే సరంజామా అమర్చాడు. మనం ఎక్కి తలుపులు వేసుకున్నాక మొత్తం ఆరువందలు దాటితే షెడ్డు గోడకున్న ఎర్రబల్బు వెలుగుతుంది, బజరు మోగుతుంది, ఆ వెంటనే ఒక ఆడగొంతు పలుకుతుంది: "బరువు ఎక్కువైంది. చివరగా ఎక్కినవారు దయచేసి దిగండి."

ఆ గొంతు మా అక్కది. బావ ఒకప్పుడు లిఫ్టులకు మాటలు రికార్డు చేయించాల్సి వచ్చి, బయటి శబ్దాలు పడకుండా అక్క తల బట్టల బీరువాలో దూర్పించి ఇంట్లోనే చెప్పించాడు. అప్పట్నుంచి ఊళ్ళో ప్రతి లిఫ్టులోనూ ఆవిడే. ఆసుపత్రికి వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా, తలుపులు మూసుకుంటున్నాయని మా అక్కే నాకు చెప్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే కాబట్టి, ఆ గొంతు వినగానే చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడడం నాకు అలవాటు. ఒక్కటే తేడా. ఇంట్లో ఆవిడ నోట 'దయచేసి' అన్న మాట నేనెన్నడూ వినలేదు.

మొదటి ఆదివారం బావ ఎక్కాడు, నేనెక్కాను, తలుపు పట్టక ఊపిరి బిగబట్టి వేసుకున్నాను. బజరు మోగింది. చివరగా ఎక్కినవారిని దయచేసి దిగమంది అక్క. నేను దిగాను. నాలుగు కిలోలు ఎక్కువయ్యాయని బావ చెప్పి, ఒక్కడూ వెళ్ళి చక్కా ఊరు చుట్టి వచ్చాడు.

పెట్రోలు కాస్త తగ్గించుకుంటే సరిపోతుంది కదా అని నేను అడిగాను. బరువు తగ్గాలని లిఫ్టు తాడు కోస్తామా అని ఆయన నన్నే అడిగాడు. ఇలాంటి మనిషితో వాదించడం కంటే బరువు తగ్గడం తేలిక అనిపించింది, తగ్గడం మొదలుపెట్టాను.

బేకరీ వాడు కడుపు మాడ్చుకోవడమంటే ఏమిటో మీకు తెలియదు. తెల్లారేసరికి వెన్న వాసన, మధ్యాహ్నానికి కేకు, సాయంత్రానికి బిస్కట్లు. వాటి మధ్య నేను కీర దోసకాయ ముక్కలు నముల్తూ కూర్చునేవాణ్ణి. నాణ్యత చూసే పని కుర్రాళ్ళకు అప్పగించాను. నెల తిరిగేసరికి నేను నాలుగు కాదు, అయిదు కిలోలు తగ్గాను. పిండి తూచే కాటా మీద కూర్చుని చూసుకున్నాను కాబట్టి అందులో అనుమానం లేదు. ఆ ఆదివారం పెళ్ళికొడుకులా తయారై వెళ్ళి కూర్చున్నాను. బజరు మోగింది.

కారణం ఎదురుగానే కనిపిస్తోంది. మా అక్క పరదాలు కుట్టి అమ్ముతుంది. ఖాళీగా ఉన్న కిటికీ ఆవిడకు పడదు. విమానానికి అద్దాలే తప్ప పరదాలు లేకపోవడం చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ముందు పరదాలు వచ్చాయి, తర్వాత కాళ్ళ కింద పట్టా వచ్చింది. పైన చలేస్తుందని రెండు దుప్పట్లు. దెబ్బ తగిలితే అని ఒక మందుల పెట్టె, ఆ పెట్టె మన మీద పడి దెబ్బ తగలకుండా దానికొక ఇనప గొలుసు. దారిలో ఎక్కడైనా దిగి పడుకోవాల్సి వస్తే తలకింద పెట్టుకోవడానికి సీట్ల వెనక అరలో రెండు లావుపాటి దిళ్ళు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, పావుగంట గాలిలో తిరిగి రావడానికి మాకు ఇంత సంసారం.

ఇవన్నీ తీసేద్దామని నేను బావతో అన్నాను. ఆయన, ఆ మాట మీ అక్కతో నువ్వు చెప్తావా, నేను చెప్పాలా అని అడిగాడు. ఇద్దరం చాలాసేపు విమానం తోక వంక చూశాం. తర్వాత నేను మరో నాలుగు కిలోలు తగ్గడానికి ఇంటికి వెళ్ళిపోయాను.

అలా మొదలైంది. నేను తగ్గుతాను, విమానం పెరుగుతుంది. నేను అన్నం మానేస్తే అది రెండు కిలోలు ఎక్కుతుంది. రాత్రి భోజనం మానేస్తే మూడు కిలోలు. కొత్తగా ఏమీ పెట్టినట్టు కనిపించదు, బజరు మాత్రం మానదు. బావ విమానం కింద దూరి, మీద ఎక్కి, చెవి ఆనించి విన్నాడు. చివరికి ఆయన తేల్చిందేమిటంటే, వయసు మీద పడ్డాక మనుషుల్లాగే యంత్రాలు కూడా ఒళ్ళు చేస్తాయి. రంగు తేమ పీలుస్తుంది, తేమ బరువెక్కుతుంది. లిఫ్టులకు ఇలా జరగదా అంటే, లిఫ్టులు రోజంతా పైకీ కిందికీ తిరుగుతాయి కాబట్టి ఒళ్ళు చెయ్యవని చెప్పాడు. అంత నమ్మకంగా చెప్పేసరికి నేను విమానాన్ని వ్యాయామానికి తిప్పమన్నాను కూడా. ఆయన ఆ వారం రెండుసార్లు తిప్పాడు.

ఇక్కడ నాకొక ఉపాయం తట్టింది. దిగాల్సింది చివరగా ఎక్కినవారు కదా, ముందు నేనెక్కితే? మరుసటి ఆదివారం బావ రెక్కలు తుడుస్తుండగా నేను గబుక్కున ఎక్కి కూర్చున్నాను. బావ వచ్చి ఎక్కాడు. బజరు మోగింది. చివరగా ఎక్కినవారిని దిగమని ఆయన భార్య గొంతు ఆయనకే చెప్పింది. ఆయన దిగిపోయి, తలుపు జాగ్రత్తగా మూసి, పక్కన నిలబడ్డాడు.

నడిపేవాడు కింద, నడపడం రానివాడు లోపల. ఎండెక్కింది. గడ్డి కోసే పెద్దాయన వచ్చి మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరి కోసం ఆగారని అడిగాడు. నియమం కోసం అన్నాడు బావ. ఆయన ఎప్పుడొస్తాడని అడిగాడు పెద్దాయన. చివరికి నాకే దాహం వేసి దిగాను. అప్పుడు పంతానికి పోయి, చెరో తలుపు పట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అనుకుని ఇద్దరం ఒకేసారి ఎక్కాం. బజరు మోగింది. ఇద్దరూ ఒకేసారి ఎక్కితే ఇద్దరూ చివరివాళ్ళేనని బావ తీర్పు చెప్పాడు. ఇద్దరం దిగాం. ఎర్రబల్బు ఆరిపోయింది. విమానం, దాని పరదాలు, దాని దుప్పట్లు, చట్టానికి పూర్తిగా లోబడి, ఒక్క మనిషి కూడా లేకుండా ఎగరడానికి సిద్ధంగా నిలబడ్డాయి.

ఏడాది గడిచింది. నా ప్యాంట్లు నడుం దగ్గర సంచుల్లా ముడుచుకుపోయాయి. బేకరీకి గిరాకీ తగ్గింది, వండేవాడు చిక్కిపోతే వండిన దాని మీద అనుమానం పుడుతుంది కదా. నాకేదో జబ్బు చేసిందని వీధిలో చెప్పుకున్నారు, ఒకావిడ నాకు వినబడేలా కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ రోజుల్లో నాకు ఊరట ఏదైనా ఉందంటే అది మా అక్క ఒక్కతే. ప్రతి శనివారం బేకరీకి వచ్చి, ఈ వారం ఎంత తగ్గావురా అని అడిగేది. నేను మురిసిపోయి, కాటా మీద కూర్చుని మరీ చూపించేవాణ్ణి. ఆవిడ ముల్లు వంక శ్రద్ధగా చూసి, తల నిమిరి వెళ్ళేది. ఆదివారం ఫ్లాస్కు నిండా టీ పోసి, బరువుగా ఉన్న సంచి భుజాన వేసుకుని మైదానానికి వచ్చేది. విమానంలో దిళ్ళు సర్దేది.

ఒక ఆదివారం అక్క దిళ్ళు సర్ది ఇంటికెళ్ళిపోయింది. బజరు మోగాక నేను దిగలేదు. నా లెక్క ప్రకారం మా ఇద్దరితోపాటు ఒక చంటిపిల్లాడు కూడా పట్టాలి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, అవి ఏడుపువో కోపానివో చెప్పలేను. ఎక్కడో తప్పుంది బావా అన్నాను. అన్నీ చూశాను, తేమే అన్నాడాయన. నాకు ఒళ్ళు మండి, కనీసం వీపుకైనా సుఖంగా ఉంటుందని వెనక అరలో దిండొకటి పట్టుకు లాగాను. అది రాలేదు. రెండు చేతులతో లాగాను. దిండే నన్ను వెనక్కి లాగింది.

ఇద్దరం కలిసి దాన్ని కిందికి దించి, కుట్లు విప్పాం. పైపైన దూది, దాని లోపల పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప దిమ్మలు. ఒక్కొక్క దానికీ గలగలమనకుండా పాత పరదా గుడ్డ చుట్టి ఉంది. బావ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు నిమిరాడు. అది లిఫ్టుకు ఎదురుబరువుగా వేసే దిమ్మ అని, తన పనిషెడ్డులోదేనని, ఏడాదిగా అవి తరుగుతుంటే తుప్పు తినేస్తోందనుకున్నానని చెప్పాడు. రెండో దిండులోనూ అవే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కుట్లు చూశాక ఈశ్వరుణ్ణి పిలవాల్సిన పని లేకపోయింది. అంత దగ్గర దగ్గరగా, రెండు వరసలుగా కుట్టే మనిషి మాకు తెలిసి ఒక్కరే.

మేం వెళ్ళేసరికి అక్క కుట్టు మిషను దగ్గర కూర్చుని ఉంది. గదినిండా ఎవరివో పచ్చటి పరదాలు. నేను దిమ్మ తెచ్చి ఆ గుడ్డ మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, తొక్కడం ఆపలేదు. ఈ వరస పూర్తి కానివ్వమంది. ఇద్దరం గోడకానుకుని, బడి పిల్లల్లా నిలబడి, ఆ వరస పూర్తయ్యేదాకా చూశాం. దారం కొరికి తలెత్తింది.

"నేనే పెట్టాను" అంది.

బావ దిమ్మకంటిన దూది ఏరడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఊరుకోలేదు. ఏడాది అన్నాను. ఒక్క బన్ను కూడా తినలేదన్నాను. నా బేకరీలో నేను దొంగలా ముక్కు మూసుకుని తిరిగానన్నాను. నేను ఎంత తగ్గితే అంత ఇనుము తెచ్చి కూరావు కదా, ప్రతి శనివారం నా తల నిమిరి మరీ కూరావు కదా అన్నాను. నా గొంతు పెద్దదైంది. అక్క మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆవిడ అంతా విని, దిమ్మను పక్కకు జరిపి, పరదా ముడత సరిచేసింది.

"నాకున్నది మీరిద్దరు. ఆయనొక్కడే పైకెళ్ళినప్పుడు ఏదైనా అయితే, పరిగెత్తుకొచ్చి నాకు చెప్పడానికి నువ్వున్నావు. నీకేదైనా అయితే చెప్పడానికి ఆయనున్నారు. ఇద్దరూ ఒకే డబ్బాలో కూర్చుని వెళ్తామంటారు. అది పడిపోతే ఆ వార్త చెప్పడానికైనా నా ఇంటికెవరొస్తార్రా?"

బావకు అప్పుడు మాట వచ్చింది. ఆ యంత్రంలో ప్రతి బోల్టూ తన చేత్తో బిగించిందని, లెక్కకు లోపలే ఉన్నంతవరకు ఏమీ కాదని చెప్పబోయాడు.

"మీ లిఫ్టులన్నింట్లో నా గొంతే ఉంది. 'భయపడకండి, సహాయం వస్తోంది' అని కూడా నా చేతే చెప్పించారు. ఎప్పుడూ ఆగిపోదనేనా ఆ మాట చెప్పించింది?" అంది అక్క.

దానికి మా బావ దగ్గర రేకు లేదు. గోడ పక్కన అలాగే నిలబడ్డాడు.

నాకు ఒక్క మాట చెప్తే మానేసేవాణ్ణి కదా అని నేను అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. చెప్తే మానేస్తావని నాకు తెలుసు అంది అక్క. మానేసి, బతికినంతకాలం పైన విమానం చప్పుడైనప్పుడల్లా నా మొహం చూడకుండా పక్కకు తిరుగుతావు, నిన్ను ఆపింది అక్క కాదు, నీ ఒళ్ళే అనుకుంటే నీకు బాధ ఉండదనుకున్నాను అంది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా మనసులో మొండితనం ఒకటి ఉంటుంది కదా, అదే నాచేత అనిపించింది.

"నువ్వొకసారి ఎక్కి చూడక్కా. ఎక్కితే నీకు భయం పోతుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కుతాను. నువ్వు కింద నిలబడి చూడు" అంది.

ఆ తర్వాతి ఆదివారం పరదాలు, దుప్పట్లు, గొలుసు, మందుల పెట్టె అన్నీ ఆవిడే తన చేత్తో తీసి గడ్డి మీద పేర్చింది. బావ ఎక్కాడు. తర్వాత అక్క ఎక్కింది, కొంగు గట్టిగా దోపుకుని, తలుపు వేసుకుంది. నేను గోడకున్న బల్బు వంక చూశాను. వెలగలేదు. బజరు మోగలేదు. ఎవరూ ఎవరినీ దిగమనలేదు. ఇంజను గుర్రుమంది, చక్రాలు పలకలు దిగి గడ్డిలోకి వెళ్ళాయి, కాసేపు పరిగెత్తి నేల వదిలాయి.

బావ ఒక్కడూ ఎగిరినప్పుడు నేను ఇదే సిమెంటు మీద నిలబడి ఉండేవాణ్ణి. ఎన్నోసార్లు. అప్పుడు నాకు కుళ్ళు తప్ప ఏమీ ఉండేది కాదు. కాసేపు పైకి చూసి, తర్వాత అక్క తెచ్చిన టీ తాగి, పేపరు చదువుకునేవాణ్ణి. ఈసారి పేపరు తెరవలేదు. చప్పుడు సన్నబడింది, గుట్ట వెనక్కి వెళ్ళాక అసలు లేకుండా పోయింది. ఆకాశం అంతా ఖాళీగా ఉంది. అంత ఖాళీ నాకు ఎప్పుడూ కనపడలేదు.

గడ్డి కోసే పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇద్దరూ వెళ్ళారా?" అన్నాడు.

మామూలుగానే అడిగాడు పాపం. నాకున్న మనుషులందరూ ఇప్పుడు ఆ రేకు డబ్బాలో ఉన్నారు. పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి, అక్క ఇంట్లోనే పండగా పబ్బం, అక్క చెప్తేనే తిట్టయినా దీవెనయినా. దానికేదైనా అయితే నాకు వార్త చెప్పడానికి మిగిలేది ఈ గడ్డి మనిషి. ఆయన ఈ ఏడు వానలకు గడ్డి ఎలా పెరుగుతోందో చెప్పడం మొదలుపెట్టాడు. నోర్మూసుకోమని అరిచాను. వెంటనే ఆయన చెయ్యి పట్టుకుని, వెళ్ళొద్దు, ఇక్కడే ఉండండి అని బతిమాలాను. ఆయన నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని, తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

రావాల్సిన వేళకు రాలేదు. నేను బల్బుకు దండం పెట్టాను. పలకలకు దండం పెట్టాను. ఒక రెక్క నాదైనంత మాత్రాన ఏం లాభం, అది నా మాట వినదు. రెండు దిళ్ళ ఇనుమూ అందులోనే ఉంటే అసలు లేచేదే కాదు కదా, ఎందుకు విప్పాం కుట్లు అని నన్ను నేను తిట్టుకున్నాను. మళ్ళీ కూరి కుట్టేద్దామనుకున్నాను. నాకు కుట్టడం రాదు.

గుట్ట మీద చుక్క కనిపించింది. పెద్దదైంది, దిగింది, గడ్డి మీద గెంతుతూ వచ్చి ఆగింది. అక్క దిగింది. జుట్టంతా రేగిపోయి ఉంది, మొహం వెలిగిపోతోంది. అవతల ఏరు మెలికలు తిరిగి ఎంత బాగుందో, ఇళ్ళ కప్పుల మీద జనం ఏమేం ఆరేసుకున్నారో గడగడా చెప్పింది. ఇంకో చుట్టు తిప్పమని తనే అడిగిందట, అందుకే ఆలస్యమట. నేను ఆ టోపీతోనే ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఇద్దరూ కలిసి ఎక్కడం ఇదే ఆఖరు, ఒకరు ఎగిరితే ఒకరు కింద ఉండాలి, అర్థమైందా అన్నాను. అంటుంటే నాకే వినబడింది, ఆ మాటలు ఎవరివో. అక్క నవ్వలేదు. దెప్పలేదు. నా నెత్తి మీది టోపీ తీసి పెద్దాయనకు ఇచ్చేసింది.

"ఇప్పుడు నువ్వెక్కు" అంది.

నాకు వద్దన్నాను. నిజంగానే వద్దు.

"ఎక్కరా. ఏడాది కడుపు మాడ్చుకున్నావు. నేనుంటానులే ఇక్కడ."

ఆవిడ భుజం పట్టి నన్ను తోసింది. బావ అప్పటికే లోపల ఉన్నాడు. నేను చివరగా ఎక్కాను. తలుపు అనాయాసంగా పడింది. బల్బు వెలగలేదు. ఇంజను చప్పుడు ఒంట్లోకి ఎక్కింది, గడ్డి వెనక్కి పరిగెత్తింది, కింద గతుకులు ఒక్కసారిగా ఆగిపోయాయి. గతుకులు ఆగిపోవడమే ఎగరడమని నాకు తెలియదు.

పైనుంచి ఊరు ఎలా ఉంటుందో నేను మీకు చెప్పలేను. చూడలేదు. అదుగో ఏరు, అదుగో రైలు పట్టాలు అని బావ వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు. నేను సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి, అద్దానికి ముక్కు నొక్కి, షెడ్డు ముందు సిమెంటు ముక్కనే చూస్తున్నాను. దాని మధ్యలో చిన్న మచ్చలా అక్క. అంత ఎత్తు నుంచి మొహం కనపడదు. కనపడాల్సిన అవసరం లేదు, అక్కడ నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. పేపరు చదవడం లేదు. టీ తాగడం లేదు. విమానం గుట్ట వైపు తిరుగుతోంది, ఇంకొంచెం వెళ్తే చప్పుడు కూడా ఆవిడకు వినపడదు.

"బావా, దిగిపోదాం" అన్నాను.

"అప్పుడేనా? నువ్వింకా ఏమీ చూడలేదు. పెట్రోలు బోలెడుంది" అన్నాడాయన.

"ఉండనివ్వండి. కింద అక్క ఒక్కతే ఉంది."